ఎక్సెల్లో గొర్రెకు వయసు రాదు

మా చిన్నాయన కొడుకు బెంగళూరు ఉద్యోగం మానేసి కళ్యాణదుర్గం పక్కన వాళ్ళ చేన్లో గొర్రెల షెడ్డు పెడతానంటున్నాడు. ఇట్లాంటి మాట మా ఇళ్ళల్లో ఇంతకుముందు కూడా చాలామంది అన్నారు కాబట్టి మొదట పెద్దగా పట్టించుకోలేదు, కానీ ఈసారి వాడు వాట్సాప్‌లో ఎక్సెల్ షీటు పంపించి 'అన్నా, నువ్వు రోజూ ప్రాజెక్టు రిపోర్టులు చేస్తుంటావు కదా, ఒకసారి చూడు, ఏమన్నా తప్పుంటే చెప్పు' అన్నాడు. చూసినా. కూడికలు, గుణకారాలు అన్నీ కరెక్టుగానే ఉన్నాయి, ఒక్క ఫార్ములా కూడా తప్పు పోలేదు. అయినా ఆ షీటును నమ్ముకొని దిగితే మూడో ఏడాదికి చేను తాకట్టుకు పోతుందని నాకు గట్టిగా అనిపించింది. ఫోన్లో పది నిమిషాల్లో చెప్పే సంగతి కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

నా అభిప్రాయం ఒక్క ముక్కలో చెప్పాలంటే, మన పక్క చిన్న వ్యవసాయ వ్యాపారం ఏది మొదలుపెట్టినా 'ఆదాయం ఎంతొస్తుంది' అనే లైనుతో మొదలుపెట్టొద్దు. ఖర్చంతా ముందు రాసుకోవాలి, ఇల్లు గడవడానికి కావాల్సిన డబ్బు కూడా అందులోనే కలపాలి, అదంతా తీరాలంటే ఎంత దిగుబడి, ఏ రేటు కావాలో వెనక్కి లెక్కేసుకోవాలి. ఆ తర్వాత, ఆ దిగుబడీ ఆ రేటూ రెండూ ఒకే ఏడాది మన ఊరి చుట్టుపక్కల ఎవరికైనా వచ్చినాయా, వచ్చుంటే ఎన్నేళ్ళకోసారి, అని పోయి అడగాలి. ఆదాయం లైను ఆఖర్న రాయాలి, అదీ పెన్సిల్‌తో.

మా ఆఫీసులో లెక్క ఎట్లా తయారవుతుందంటే

నేను పనిచేసేది అనంతపురంలో ఒక ఆడిటరు దగ్గర. ఐటీ రిటర్నులు, జీఎస్టీతో పాటు బ్యాంకు లోన్లకు ప్రాజెక్టు రిపోర్టులు కూడా చేస్తాం. డెయిరీ, కోళ్ళు, గొర్రెలు, నూనె గానుగ, చింతపండు ప్యాకింగు, ఇట్లా. బ్యాంకోళ్ళు చూసే నంబర్లలో ముఖ్యమైంది డీఎస్‌సీఆర్. వాయిదాకి ఒక రూపాయి కట్టాలంటే వ్యాపారంలో రూపాయిన్నర మిగులుతుందని చూపించాలి, అదీ దాని సారం. ఒకటిన్నర కంటే తక్కువ వస్తే మామూలుగా ఫైలు కదలదు.

ఇప్పుడు నిజంగా జరిగేది చెప్తా. నంబర్లన్నీ ఎక్కించినాక 1.2 వచ్చిందనుకోండి. అప్పుడు అమ్మే రేటు కిలోకి ఇరవై రూపాయలు పెరుగుతుంది. అయినా చాలకపోతే చావుల శాతం పది నుంచి ఐదుకు దిగుతుంది. ఎరువు అమ్మకం అని ఒక కొత్త లైను పుడుతుంది. 1.6 దగ్గర ఆపి ప్రింటు తీస్తాం. ఇందులో పెద్ద మోసమేమీ లేదు, ఎందుకంటే ఆ రిపోర్టు ఎట్లా తయారైందో బ్యాంకు ఆఫీసరుకు తెలుసు, మాకు తెలుసు, ఆయన చూసేది పొలం పత్రాలు, సిబిల్ స్కోరు, మనిషి. రిపోర్టు ఫైల్లో ఉండాల్సిన కాగితం, అంతే. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ కాగితాన్ని స్పైరల్ బైండింగు చేయించుకొని ఇంటికి తీసుకుపోయి దాన్నే నమ్మే మనిషితో. వాళ్ళను చాలామందినే చూసినా. 'సార్ మీరు వేసిన లెక్కలో మొదటి ఏడాదే నాలుగు లక్షలు మిగలాల కదా' అని ఏడాది తర్వాత వచ్చి అడిగితే ఏం చెప్పాలి.

మీరు అనొచ్చు, నువ్వు కూడా వెనక్కే లెక్కేయమంటున్నావు కదా, మీ ఆఫీసు కూడా వెనక్కే లెక్కేస్తోంది కదా, తేడా ఏందని. ఆఫీసులో మేం బ్యాంకు నంబరు నుంచి వెనక్కి పోయి ఆదాయాన్ని పుట్టిస్తాం. నేను చెప్పేది ఇంటి ఖర్చు నుంచి వెనక్కి పోయి, ఎంత ఆదాయం కావాలో తేలినాక అక్కడ ఆగి, అది జరిగే పనేనా అని ఊర్లో విచారించమని. ఆ ఆగడం మా ఆఫీసులో లేదు, ఎందుకంటే దానికి ఎవరూ ఫీజు ఇవ్వరు.

వాడి షీటు

జాతీయ పశుధన మిషన్ కింద వంద గొర్రెలు, ఐదు పొట్టేళ్ళ యూనిట్ ఉంది, ఖర్చులో 50 శాతం సబ్సిడీ, ఈ సైజుకి గరిష్ఠంగా 10 లక్షలు. మావాడు షెడ్డు, గొర్రెలు, గడ్డి కోసే మిషను, ఫెన్సింగు అన్నీ కలిపి 20 లక్షలు వేసినాడు. 10 సబ్సిడీ, 2 సొంతం, 8 బ్యాంకు లోను. సబ్సిడీ రెండు విడతల్లో వస్తుంది, రెండోది పని పూర్తయినాకే, ఆ మధ్యలో చేతి డబ్బు ఎంత తిరగాలో షీటులో లేదు, సరే అది పక్కన పెడదాం.

ఆదాయం ఇట్లా ఉంది. గొర్రె ఎనిమిది నెలలకోసారి ఈనుతుంది కాబట్టి ఏడాదికి వందకి 150 పిల్లలు, 10 శాతం పోతే 135, ఒక్కోటి 20 కిలోలకు వచ్చినాక లైవ్ (బతికున్న గొర్రె బరువు) కిలో 400 చొప్పున అమ్మితే 10,80,000. ఖర్చులో దాణా 2.15 లక్షలు, మందులు 50 వేలు, ఇతరాలు 35 వేలు. మేత దగ్గర 'సొంతం', కూలి దగ్గర 'సెల్ఫ్', రెండింటికీ ఎదురుగా సున్నా. లోను వాయిదా, వడ్డీ మొదటి ఏడాది 2.45 లక్షలు. అన్నీ పోను ఏడాదికి 5.35 లక్షలు, అంటే నెలకు 44 వేలు పైన. బెంగళూరులో రూము అద్దె, తిండి పోను వాడికి మిగిలేదానికంటే ఇది ఎక్కువే, వాడికి ఆశ పుట్టడంలో వింతేమీ లేదు.

ఇందులో ఏ ఒక్క నంబరూ అబద్ధం కాదు. రెండేళ్ళకు మూడు ఈతలు పుస్తకాల్లో ఉన్న మాటే, చూడి ఐదు నెలలే కాబట్టి లెక్కకు సరిపోతుంది. కానీ మంద ఉన్నోళ్ళని అడిగి చూడండి. కొన్ని ఏడాదికోసారే ఈనుతాయి, కొన్ని చూలు కట్టవు, కొన్నిటికి కడుపు పోతుంది. నేను అడిగినోళ్ళంతా వందకి నూటపది పిల్లలంటే బాగున్నట్టే అన్నారు. పిల్లల్లో చావు కూడా షెడ్డు కొత్తలో ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే నాలుగు సంతల్లో నాలుగు మందల నుంచి ఏరి తెచ్చిన గొర్రెల్ని ఒక్క చోట కలుపుతాం, పీపీఆర్, వానలు వెనకపట్టినాక నీలి నాలుక, ఈ రోగాల్లో ఏది ఏ మందలోంచి వచ్చిందో తెలియదు. నూటపదిలో ఇరవై పోతాయనుకుంటే 90.

ఇంకో సంగతి నాకు చూడగానే తగిలింది. షీటులో ఐదేళ్ళు ఉన్నాయి, ఐదేళ్ళూ వంద గొర్రెలు, ప్రతి ఏడాదీ పుట్టిన పిల్లలన్నీ అమ్మేస్తున్నాడు. మరి తల్లులు ముసలివైతే? సంతలో మనకు అమ్మేవాడు రెండు పళ్ళ, నాలుగు పళ్ళ (అంటే వయసులో ఉన్న) గొర్రెలే ఇస్తాడని ఏం గ్యారంటీ, వాడు మందలోంచి తీసేసినవే చాలావరకు సంతకొస్తాయి. అంటే ఏడాదికి కనీసం పదిహేనో ఇరవయ్యో ఆడపిల్లల్ని అమ్మకుండా మందకు ఉంచుకోవాలి. 90లో 18 ఉంచుకుంటే అమ్మకానికి 72. వాటిని 20 కిలోలు, 380 చొప్పున వేస్తే 5,47,200. ముసలి గొర్రెలు ఓ పదిహేను అమ్మితే 1.2 లక్షలు. మొత్తం 6.67 లక్షలు. చూడండి, నేను దేన్నీ దారుణంగా తగ్గించలేదు, కరువు రాలేదు, దొంగలు పడలేదు, ప్రతి లైనులో కొంచెం కొంచెం తగ్గించినా అంతే, కానీ ఒకదాన్నొకటి గుణించేసరికి దాదాపు పదకొండు లక్షలు కాస్తా ఏడు లోపలికి వచ్చింది.

రేటు మాట కూడా చెప్పాలి. 400 అనేది వాడు బక్రీదు ముందర విన్న రేటు. బక్రీదుకి అడిగేది ఏడాది నిండిన, లేకపోతే నిండినట్టు కనిపించే పొట్టేళ్ళని. వాడు అమ్మేది ఆరేడు నెలల పిల్లల్ని, వాటిలో సగం ఆడవి. పైగా పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, మన ఈతల టైము దాంతోపాటు జరగదు. మామూలు రోజుల్లో సంతలో కాటా ఎక్కడుంటుంది, బేరగాడు వీపు మీద చెయ్యేసి నొక్కి చూసి చెప్తాడు, ఆ కంటి అంచనా ఎప్పుడూ మన కాటా కంటే రెండు కిలోలు తక్కువే. చీనీ (బత్తాయి) తోట పెట్టినోళ్ళకి ఈ సంగతి ఇంకా బాగా తెలుసు, పేపర్లో వచ్చే టన్ను రేటు ఒకటి, 'సూటు' పేరుతో టన్ను మీద తీసే కాయ, హమాలీ, కమీషను పోయినాక చేతికొచ్చేది ఒకటి. లెక్కలో రాయాల్సింది చేతికొచ్చే రేటు.

ఇక సున్నాలు. మేత సొంతమే, మూడెకరాల్లో సూపర్ నేపియర్ గడ్డి వేస్తాడు, కానీ ఏప్రిల్, మే నెలల్లో వాళ్ళ బోరు ఎంతసేపు పోస్తుందో నాకు తెలుసు. ఆ రెండు మూడు నెలలకు శెనక్కాయ కట్టె (కాయ తీసినాక మిగిలే ఎండు మేత) కొనాలి, దానికి లక్ష వేసుకుందాం. కాపరి కుటుంబానికి నెలకు 15 వేలు, ఏడాదికి 1.8 లక్షలు. అప్పుడు దాణా, మందులు, ఇతరాల 3 లక్షలతో కలిపి నడిపే ఖర్చు 5.8, వాయిదాతో 8.25 లక్షలు. ఆదాయం 6.67. ఇంట్లోకి బియ్యం, ఉప్పు, స్కూలు ఫీజు ఇంకా రాయనే లేదు.

అవి కూడా రాద్దాం, నెలకు 20 వేలు, అంటే 2.4 లక్షలు. మొత్తం 10.65. ముసలి గొర్రెల డబ్బు 1.2 తీసేస్తే పిల్లల మీద 9.45 లక్షలు రావాలి. వాడి రేటే తీసుకుందాం, 20 కిలోలు, 400, పిల్లకు 8,000. అంటే 118 పిల్లలు అమ్మాలి, మందకు 18 ఉంచుకోవాలి, మొత్తం 136 బతకాలి. ఇక్కడికొచ్చినాక నేనే ఆగిపోయినా. వాడి షీటులో 135 ఉంది, అన్నీ కలిసొస్తే వచ్చే సంఖ్యగా. నా లెక్కలో దాదాపు అదే సంఖ్య, ఇల్లు గడిచి వాయిదా కట్టి సున్నా దగ్గర నిలబడటానికి కావాల్సిన కనీసం.

చెడ్డవన్నీ కలిసే వస్తాయి

రిపోర్టుల చివర్లో ఒక పేజీ పెడతాం, ఖర్చు 10 శాతం పెరిగితే ఏమవుతుంది, ఆదాయం 10 శాతం తగ్గితే ఏమవుతుంది అని. ఒక్కోటి విడివిడిగా. చూడ్డానికి చాలా జాగ్రత్తపరుడు చేసినట్టుంటుంది. కానీ మన జిల్లాలో ఇవి విడివిడిగా రావు. అనంతపురం సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ అంటారు, ఆ సగటు వాన ఏ ఏడాది పడిందో చెప్పమనండి, ఒక ఏడు కురిసి ముంచుతుంది, ఇంకో రెండేళ్ళు ఎండగడుతుంది. వాన పడని ఏడు శెనక్కాయ కాయదు, కట్టె ఉండదు, ఉన్న కట్టె ట్రాక్టరు లోడు రేటు ఆకాశానికి పోతుంది, బోరు తగ్గి నేపియర్ ఎండుతుంది, మేపలేక ఊరంతా గొర్రెల్ని సంతకు తోలుతారు కాబట్టి గొర్రె రేటు పడిపోతుంది. మేత ఖర్చు పెరగడం, అమ్మకం రేటు తగ్గడం రెండూ ఒకే కారణంతో ఒకే నెలలో. విడివిడిగా పది శాతం అని పరీక్షించి ఏం లాభం.

టమాటా వేసేవాళ్ళు దీనికి ఎదురు తప్పు చేస్తారు. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో కిలో 200 దాకా పోయింది కదా, అప్పుడు అందరూ లెక్క వేసింది 'ఎకరాకు ఇన్ని బాక్సులు, బాక్సు ఇంత' అని. కానీ కాయ తక్కువొచ్చింది కాబట్టే ఆ రేటొచ్చింది. కాయ ఎక్కువొచ్చిన సెప్టెంబరుకల్లా పది రూపాయల లోపలికి దిగింది. నిండు దిగుబడినీ నిండు రేటునీ పక్కపక్కన పెట్టి గుణిస్తే వచ్చే డబ్బు, నూటికి ఒక్కడికి వచ్చుంటే వచ్చుండాలి. కక్కలపల్లి మార్కెట్ దగ్గర కాసేపు నిలబడి బాక్సులు దించుతున్న రైతులతో మాట్లాడితే ఇది ఎవరైనా చెప్తారు.

వర్షాధారం శెనక్కాయలో ఇంకో రకం. 2025-26కి ప్రభుత్వం వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 పెట్టింది, ఉత్పత్తి ఖర్చు 4,842 అని లెక్కేసి దాని మీద సగం కలిపి. ఆ 4,842 దేశం మొత్తానికి వేసిన సగటు. మన చేన్లో ఎకరాకు 25 వేలు పెట్టి పది క్వింటాళ్ళు తీస్తే క్వింటాలు ఖర్చు 2,500, నాలుగు తీస్తే 6,250, రెండే వస్తే 12,500. విత్తనం, దుక్కి, ఎరువు డబ్బులు ఆగస్టులోపే పోయినాయి, క్వింటాలుకు ఖర్చు ఎంతో తేల్చేది సెప్టెంబరు వాన. కాబట్టి 'క్వింటాలు ఖర్చు ఇంత' అని ముందే రాసుకోవడం వీలుకాదు, 'ఎకరాకు ఇంత పెట్టినా, ఇన్ని క్వింటాళ్ళు దాటితేనే' అని మాత్రం రాసుకోవచ్చు.

ఇంటోళ్ళ కూలి

ఇదంతా చెప్పినాక మావాడు గట్టిగానే తిరగబడినాడు. 'అన్నా, కాపరి జీతం 1.8 లక్షలు రాసినావు, ఇంటి ఖర్చు 2.4 కూడా రాసినావు. పని చేసేది నేనే అయితే ఆ 1.8 నాకే కదా, ఒకే దాన్ని రెండుసార్లు ఎట్లా రాస్తావు' అన్నాడు. వాడన్న దాంట్లో న్యాయముంది. వాడే చేస్తే 1.8 తీసేయాలి. అప్పుడు పిల్లల మీద 7.65 లక్షలు చాలు, 96 అమ్మి 18 ఉంచుకుంటే, 114 బతికితే సరిపోతుంది. 90కి ఇంకా దూరమే, కానీ 136 అంత దూరం కాదు.

నాకు డౌటు ఎక్కడంటే, 'నేనే చేస్తా' అన్న మాటలో ఇంకో ఇద్దరున్నారు. ఒకటి చిన్నమ్మ, రెండు వాడి పెండ్లాం. వందకు పైగా గొర్రెలు, వాటి పిల్లలు, పొద్దున ఐదుకు ఊడ్చడం, గడ్డి కోయడం, నీళ్ళు, ఈతల టైములో రాత్రిళ్ళు, ఇవన్నీ ఒక్కడి పని కాదు. వాడికి జ్వరమొస్తే, పెళ్ళికి పోవాల్సొస్తే చిన్నమ్మే చేయాలి. ఆమె పనికి రేటు ఎంత రాయాలి? మద్దతు ధర లెక్కల్లో ఏ2 అంటే చేతి నుంచి పోయిన ఖర్చు, దానికి ఎఫ్ఎల్ అని ఇంటోళ్ళ శ్రమ విలువ కలుపుతారు, సీ2లో సొంత భూమి కౌలు, సొంత డబ్బు వడ్డీ కూడా వస్తాయి. ప్రభుత్వమే ఇంటోళ్ళ శ్రమకు ఒక విలువ కడుతుంటే మనం సున్నా రాయడమేంది అని నేనంటే, చిన్నాయన 'మీ చిన్నమ్మ ఈ వయసులో ఎక్కడికి పోయి కూలి తెస్తుందిరా' అన్నాడు. అదీ నిజమే. 2025-26లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 307, ఆమె గత రెండేళ్ళుగా ఆ పనికి కూడా పోవడం లేదు. బయట అమ్ముడుపోని శ్రమకు బయటి రేటు కట్టడం సబబా? నాకు పూర్తిగా తేలలేదు. కానీ సున్నా రాస్తే ఒక ప్రమాదముంది, ఆమె మోకాళ్ళు పట్టేసిన రోజు ఆ సున్నా కాస్తా ఒక్కసారిగా నెలకు పదివేలవుతుంది, ఆ రోజు షీటు తిరగరాయడానికి టైముండదు.

'ఇట్లా లెక్కేస్తే ఎవడూ ఏదీ చేయడు'

ఇది చిన్నాయన మాట. ఆయన ఏ లెక్కా వేయకుండానే చీనీ చెట్లు పెట్టినాడు, నాలుగైదేళ్ళు కాపు లేకుండా సాకినాడు, ఆ తోటే మా చెల్లెలి పెళ్ళి చేసింది. 'అప్పుడు నీలాంటోడు కాగితం తెచ్చి చూపించుంటే ఒక్క చెట్టు నాటేవాణ్ణి కాదు' అంటాడు. దీనికి జవాబు చెప్పడం కష్టం. ఆయన చెప్పింది జరిగిన సంగతి, నేను చెప్పేది కాగితం మీది సంగతి. అయితే ఆయన ఆ తోట పెట్టినప్పుడు బ్యాంకు వాయిదా లేదు, తిండికి కొర్ర, కంది వేరే చేన్లో పండేవి, తోట కాపుకొచ్చేదాకా ఇల్లు తోట మీద ఆధారపడలేదు. అదే ఏడాది చీనీ పెట్టి, బోర్లు మీద బోర్లు వేసి, నీళ్ళు పడక చెట్లు నరికేసినోళ్ళు కూడా అదే ఊర్లో ఉన్నారు, వాళ్ళు పెళ్ళిళ్ళలో తోట కథలు చెప్పరు.

గొర్రెల్లో లాభం చూసినోళ్ళ కథలు కూడా ఇట్లాంటివే. మా వైపు గొర్రెలతో బాగుపడ్డోళ్ళు చాలామందే ఉన్నారు, అందరూ తిప్పి మేపేవాళ్ళు. కొండల్లో, బీళ్ళల్లో మేత ఉచితం, ఎరువు కోసం చేన్లలో మంద కట్టించుకుంటే రైతే ఎదురు డబ్బో బియ్యమో ఇస్తాడు, రాత్రికి ముళ్ళకంపతో దడి కట్టిన రొప్పం. వాళ్ళ ఖర్చు వాళ్ళ కాళ్ళు. షెడ్డు పెట్టేవాడు వాళ్ళ ఆదాయాన్ని చూసి షీటు మొదలుపెడతాడు, ఖర్చు మాత్రం కొన్న దాణా, కోసిన గడ్డి, సిమెంటు, వడ్డీ. మరి మావాణ్ణి తిప్పి మేపమంటావా అంటే అదీ అనలేను, సోలారు ప్లాంట్లు, తోటల కంచెలు వచ్చినాక మేపే చోటు ఏటా తగ్గుతోంది, పైగా బెంగళూరు నుంచి వచ్చినోడు ఆర్నెల్లు మందెనక తిరుగుతాడా.

నేను వాడికి చెప్పింది ఇంతే. లోను, సబ్సిడీ పక్కన పెట్టు. సొంతంగా ఉన్న 2 లక్షలతో ఓ పదిహేనో ఇరవయ్యో తెలిసిన మంద నుంచి కొను, సంతలో వద్దు. పాత పశువుల కొట్టమే చాలు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దాటించు. ఎన్ని కట్టినాయి, ఎన్ని ఈనినాయి, ఎన్ని పోయినాయి, గొర్రెకు నెలకు ఎంత కట్టె తిన్నది, సంతలో నిజంగా ఎంతకు పోయింది, నోటుబుక్కులో రాయి. షీటులో ఉన్న 150, 10 శాతం, 400 అన్నీ కొట్టేసి నీ సొంత నంబర్లు వేసి మళ్ళీ నాకు పంపు. ఏడాది పోతుంది, నిజమే, బెంగళూరు జీతం కూడా పోతుంది కాబట్టి అదీ ఖర్చే. ఉద్యోగం మానకుండా చేయగలిగితే ఇంకా మంచిది, చిన్నాయన ఉన్నాడు కదా.

వాడికి దీంట్లో నచ్చనిది ఒక్కటే. ఆ స్కీములో వందకు తక్కువ యూనిట్ లేదు. ఇరవైతో నేర్చుకొనేవాడికి ఏమీ రాదు, ఏమీ తెలియకుండా వందతో దిగేవాడికి పది లక్షలొస్తాయి. 'ఏడాది ఆగితే అప్పటికి స్కీము ఉంటుందో లేదో అన్నా' అంటున్నాడు. ఉండకపోవచ్చు. ఆ పది లక్షలు కళ్ళ ముందుంటే నా మాట ఎంతవరకు ఎక్కుతుందో చెప్పలేను, ఎందుకంటే మా ఆఫీసుకు వచ్చేవాళ్ళలో చాలామంది మొదట అడిగేది సబ్సిడీ ఎంత అనే, గొర్రె ఏం తింటుంది అని కాదు. వచ్చే వారం ఊరికి పోతున్నా, చిన్నాయనతో పాటు పక్కూరి మంద ఉన్నాయన దగ్గరికి మావాణ్ణి తీసుకుపోవాలని ఉంది, ఆ 114 నిజంగా ఎవరికన్నా ఎప్పుడన్నా వచ్చిందా అని అడగడానికి.